బాప్తిస్మం తేదీ

లోపలి జాలీ తలుపును ఎడమచేత్తో బర్రున లాగి, కుడిచేత్తో ఇత్తడి పిడి తిప్పాడు కోటయ్య. లిఫ్టు ఒళ్ళు విదిలించుకున్నట్టు ఒకసారి కదిలి, మూలుగుతూ పైకి లేచింది. ఎనిమిది మందికి మించరాదని పైన రాసి ఉంది. లోపల పదకొండుమంది ఉన్నారు. పదకొండుమంది జూన్ నెల చెమట, తలనూనె, గిన్నెల్లో మాగుతున్న కూరల వాసన. మూలన చెక్క స్టూలు మీద, గోడకు అంటుకుపోయినట్టు కూర్చుని ఉన్నాడు కోటయ్య.

మనిషి పొట్టి. యాభై ఏడేళ్ళు. ఇరవయ్యారేళ్ళుగా అదే పిడి తిప్పడంతో కుడి అరచేయి మధ్యలో పచ్చటి మరక ఒకటి దిగిపోయింది, ఎంత తోమినా పోదు. కుడి భుజం ఎడమదానికంటే వేలెడు కిందికి ఉంటుంది. ఖాకీ చొక్కా మాత్రం ఏ రోజూ నలగనివ్వడు. దేశ రాజధానిలోని ఆ సర్కారు భవనంలో ఆరంతస్తుల జనానికి అతను తెలుసు. కానీ దారిలో ఎదురైతే, స్టూలు లేని కోటయ్యను సగంమంది గుర్తుపట్టరు.

అతనికి ఒక అలవాటుంది. ఏ అంతస్తులో ఆగినా, కదిలే ముందు బయటి గేటు గడియను రెండుసార్లు కదిపి చూస్తాడు. ఒకసారి కదిపితే చాలు. రెండోసారి ఎందుకని జనం విసుక్కుంటారు. "చలో భయ్యా, లేటవుతోంది" అంటారు. కోటయ్య రెండోసారి కూడా కదుపుతాడు.

ఆ శుక్రవారం ఉదయం లిఫ్టులో కేశవరావుగారు, జయచంద్ర ఎదురెదురుగా పడ్డారు. నాలుగో అంతస్తులో సెక్షనాఫీసరు కేశవరావుగారు. కాకినాడ మనిషి. ఆదివారాలు తన క్వార్టరు డాబా మీద తెలుగువాళ్ళకు ఆరాధన నడుపుతారు. జయచంద్ర ఐదో అంతస్తులో గుమాస్తా. పూర్వం సైన్యంలో చేసి వచ్చాడు. ఒంగోలు వైపు బాప్టిస్టులవాడు. ఇద్దరూ మంచివాళ్ళే. కలిస్తే మాత్రం వాదన తప్పదు.

"విశ్వసించిన క్షణమే క్షమాపణ దొరికిపోయింది సార్. నీళ్ళలో దిగేది నలుగురి ముందూ సాక్ష్యం కోసం. పెళ్ళయ్యాక ఉంగరం పెట్టుకున్నట్టు" అన్నాడు జయచంద్ర.

"ఉంగరం కాదయ్యా, పెళ్ళే అది. నీళ్ళలో దిగందే పాపం పోదు. అపొస్తలులు చెప్పిందదే."

"మరి సిలువ మీది దొంగను ఏ చెరువులో ముంచారు?"

"అప్పటికి కొత్త ఆర్డరు అమల్లోకి రాలేదు. నువ్వు గవర్నమెంటు ఉద్యోగివి, ఆ మాత్రం తెలియదా?"

జనంలో ఒకరిద్దరు తెలుగువాళ్ళు నవ్వారు. కోటయ్య నవ్వలేదు. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. కేశవరావుగారు దిగి, వెనక్కు తిరిగి అతని వైపు వంగారు.

"కోటయ్యా, ఎల్లుండి ఆరుగురున్నారు. డాబా మీద తొట్టి పెట్టిస్తున్నాను. నీ పేరు ఏడోది రాసుకోనా? ఎన్నాళ్ళు తప్పించుకుంటావు? అమ్మా నాన్నా విశ్వాసులైతే నువ్వు విశ్వాసివైపోవు. ఎంతటి పాపమైనా సరే, ఆ నీళ్ళలో పోతుంది. ఇక దేవుడికి గుర్తే ఉండదు."

కోటయ్య గడియ మీద చెయ్యి వేసి ఆగాడు. "దేవుడికి గుర్తుండదు సరేనండి. మరి ఆ రెండోవాడికో?"

"రెండోవాడెవరు?"

పైనుంచి ఎవరో గంట కొట్టారు. కోటయ్య తలుపు లాగేశాడు.

పదేళ్ళుగా ఆయన అడుగుతూనే ఉన్నారు, కోటయ్య వాయిదా వేస్తూనే ఉన్నాడు. అతనికి విశ్వాసం లేదని కేశవరావుగారి అనుమానం. సిగ్గు అని జయచంద్ర అనుకునేవాడు. నిజం వేరు. నీళ్ళలో దిగితే పాపం పోదేమోనని కాదు కోటయ్య భయం. పోతుందేమోనని. అంత సులువుగా పోకూడని పాపం ఒకటి అతని దగ్గర ఉంది.

అది జరిగి పదిహేనేళ్ళయింది. మూడో అంతస్తులో జనాన్ని దింపి, కిందినుంచి పెద్ద ఆఫీసరు గంట మీద గంట కొడుతుంటే, బయటి గేటు గడియ వేయకుండానే కిందికి దిగిపోయాడు కోటయ్య. ఆ కాసేపట్లోనే దశరథ్ అనే తెలుగు కూలీ బల్ల ఒకటి పట్టుకుని వెనకడుగులు వేస్తూ వచ్చాడు. అతని వీపు తగిలి గేటు తెరుచుకుంది. వెనక లిఫ్టు లేదు. చీకటి గుంత ఉంది. మనిషి బతికాడుగానీ కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు.

విచారణలో కోటయ్యను అడిగారు. గడియ వేశానని చెప్పాడు. అక్కడితో ఆగినా బాగుండేది. అధికారి ఇంకా తన వైపే చూస్తుంటే, ఇంకో మాట అతని నోట్లోంచి దానంతటదే జారింది. "వాడి దగ్గర వాసన వచ్చింది సార్." ఆ మాటే కాగితం మీదికెక్కింది. దశరథ్ తాగి ఉన్నాడని తేల్చారు. రోజుకూలీ కాబట్టి తీసేయడానికి నోటీసు కూడా అక్కర్లేకపోయింది. కోటయ్య ఉద్యోగం నిలిచింది, క్వార్టరు నిలిచింది, కూతురు నర్సింగు చదివి నెల్లూరులో స్థిరపడింది.

మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని డబ్బా విప్పాడు. భార్య సువార్తమ్మ పెట్టిన గోంగూర పచ్చడి, పెరుగన్నం. రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. ఐదింటికి నాలుగో అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళాడు. లిఫ్టు మనిషి మెట్లెక్కి రావడం చూసి కేశవరావుగారు కళ్ళజోడు తీశారు.

"రాసుకోండి సార్ నా పేరు" అన్నాడు కోటయ్య. "ఈలోపు నాకో పనుంది. అది చూసుకుని వస్తాను."

మెహ్రౌలీ బస్సెక్కాడు. సాకేత్ దగ్గర, ఖిడ్కీ గ్రామం మలుపులో దశరథ్ కూర్చుంటాడని అతనికి నాలుగేళ్ళుగా తెలుసు. ఒకసారి బస్సు కిటికీలోంచి చూశాడు. పేవ్‌మెంటు మీద గోనెపట్టా, కిరసనాయిలు స్టవ్వులు, పక్కన గోడకు ఆనించిన చంకకర్ర. ఆ తర్వాత ఆ దారిన పోవలసి వచ్చినప్పుడల్లా బస్సులో అవతలి వైపు సీటు వెతుక్కునేవాడు. ఈరోజు దిగాడు.

దశరథ్ తల నెరిసిపోయింది. స్టవ్వు బర్నరులో పిన్ను పెట్టి పొడుస్తున్నాడు. ఎదురుగా నీడ పడితే తలెత్తాడు. చాలాసేపు చూశాడు.

"కోటయ్యవా?"

"అవును."

"స్టవ్వేదీ?"

"స్టవ్వు కోసం రాలేదు." కోటయ్య గోనెపట్టా అంచున చతికిలబడ్డాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "ఆ రోజు గడియ వేయలేదు. నేనే."

"ఎరుకే" అన్నాడు దశరథ్. పిన్ను పొడవడం ఆపలేదు. "లిఫ్టు నీది, గేటు నీది. ఇంకెవరు మరుస్తరు?"

"వాసన వచ్చిందని చెప్పింది కూడా నేనే."

పిన్ను ఆగింది. వెనక రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. దశరథ్ చేతిలోని బర్నరును కింద పెట్టి, గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"నేను డాక్టరు రాసిండనుకున్న" అన్నాడు. "ఇన్నేండ్లు ఆ డాక్టర్ను తిట్టుకున్న."

కోటయ్య తల దించుకున్నాడు. "ఎల్లుండి నన్ను నీళ్ళలో దిగమంటున్నారు. బాప్తిస్మం. దిగితే పాపాలు పోతాయంటున్నారు."

"పోతే పోనీ. నా దగ్గరికెందుకొచ్చినవ్?"

"నిన్ను అడక్కుండా ఎట్లా పోనిస్తాను?"

దశరథ్ అతన్ని కొత్తగా చూసినట్టు చూశాడు. "మాఫ్ జేసుడు నాతోని కాదు. అబద్ధమెందుకు, నోటితోని జెప్పుడు గూడ కాదు." గుడ్డను గోనెపట్టా మీద పడేశాడు. "ఒక్క పని జెయ్. నా బిడ్డకు జెప్పు. గప్పుడు దానికి ఏడేండ్లు. నాయిన తాగి పడ్డడని అందరు జెప్పిన్రు, అదే నమ్మింది. దాని తల్లి గూడ అదే నమ్మి పోయింది. నేను జీవితంల చుక్క ముట్టలే. ఎన్నిసార్లు జెప్పినా, తాగెటోళ్ళందరు గట్లనే అంటరంటది."

సామాను సంచిలో వేసుకుని దశరథ్ చంకకర్ర మీద ముందు నడిచాడు. కోటయ్య వెనక నడిచాడు. ఇరుకు గల్లీలో రెండు మలుపులు తిరిగాక ఒక్క గది ఇల్లు. వెలుగు ఇంకా పోలేదు. గుమ్మంలో కూర్చున్న పది నిమిషాలకు రజిత వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బట్టల కంపెనీలో బొత్తాలు కుట్టే పని. కళ్ళ కింద నల్లగా ఉంది. కొత్త మనిషిని చూసి తల వంచి, తిన్నగా తండ్రి దగ్గరికి పోయి, భుజాన సంచి తీస్తూ ముఖం అతని ముఖానికి దగ్గరగా పెట్టింది. ఒక్క క్షణం. గాలి పీల్చింది. అది ప్రేమతో వంగడం కాదని కోటయ్యకు అర్థమైంది. పదిహేనేళ్ళ కిందటి తన మాట ప్రతి సాయంత్రం ఈ గుమ్మంలో ఇలా వంగి వాసన చూస్తోందన్నమాట.

"అమ్మాయ్," అన్నాడు, "నేను లిఫ్టు కోటయ్యని. మీ నాన్న తాగి పడలేదు. గేటు గడియ నేను మరిచిపోయాను. వాసన వచ్చిందని అబద్ధం చెప్పాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

రజితకు తెలుగు అర్థమవుతుంది. సంచి పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. "తాగలేదా?" అంది. "కభీ నహీ?"

"ఎప్పుడూ తాగలేదు" అన్నాడు కోటయ్య.

తండ్రి వైపు చూసింది. దశరథ్ గోడ వైపు చూస్తున్నాడు.

"పంద్రా సాల్" అంది రజిత మెల్లగా. పదిహేనేళ్ళు. తర్వాత కోటయ్యతో, "అంకుల్, ఆప్ జాయియే. దయచేసి వెళ్ళండి" అంది.

కోటయ్య లేచాడు. గల్లీలోకి దిగాక వెనకనుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. వచ్చీరాని తెలుగు. "నాయినా, ఆకలైతుందా?"

మలుపు దాకా చంకకర్ర చప్పుడు అతని వెంట వచ్చింది. "అటు పోకు" అన్నాడు దశరథ్. "ఆ గల్లీల మోరీ పొంగింది. ఇటుకెల్లి పో, బస్సు దొరుకుతది." అంతే అని వెనక్కు తిరిగాడు.

నేతాజీనగర్ క్వార్టరుకు చేరేసరికి సువార్తమ్మ వరండాలో నిలబడి ఉంది. ఆమె రేపల్లె లూథరన్ల పిల్ల. మూడు నెలలప్పుడే పాస్టరుగారు నెత్తిన నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చారు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అతను అంతా చెప్పాడు. గడియ, వాసన, గుమ్మంలో వంగిన పిల్ల. ఆమె పీటమీద కదలకుండా విన్నది.

"నాకైనా చెప్పకపోయావేం ఇన్నేళ్ళూ?"

"నువ్వు క్షమించేస్తావేమోనని."

సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసి అంది. "నా నెత్తిన నీళ్ళు పడ్డప్పుడు నాకు మంచీ లేదు చెడ్డా లేదు. ఆయనే ముందుగా పిలుచుకున్నాడు అనేది మా అమ్మ. నిన్ను మాత్రం ఇంత దూరం నడిపించి పిలిచాడయ్యా."

ఆ పూట కోటయ్య కడుపునిండా తిన్నాడు. మారు అన్నం అడిగాడు. మర్నాడు శనివారం, సెలవు. పొద్దున్న సరోజినీనగర్ బజారుకు పోయి వంకాయలు తెచ్చాడు. కూతురికి కార్డు రాశాడు. భోజనం చేసి, ఎండ తగ్గేదాకా నడుం వాలుస్తానని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగింటికి టీ పెట్టి సువార్తమ్మ లేపబోయింది. కుడిచెయ్యి పరుపు అంచు మీద తెరిచి ఉంది. అప్పటికే చల్లబడింది.

ఆదివారం పదకొండింటికి కేశవరావుగారు వచ్చారు. డాబా మీద ఆరుగురికి బాప్తిస్మమిచ్చి అటునుంచటే వచ్చారు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. జయచంద్ర అప్పటికే వచ్చి పెట్టె ఏర్పాట్లు చూస్తున్నాడు. ఇద్దరూ వాదించుకోలేదు. సమాధుల తోట కమిటీకి సంఘంనుంచి ఉత్తరం కావాలి. కేశవరావుగారు అచ్చు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. పేరు రాశారు. వయసు రాశారు. తర్వాతి గడి దగ్గర కలం ఆగిపోయింది.

"అమ్మా," అన్నారు, "ఇక్కడ బాప్తిస్మం తేదీ రాయాలి. నేను అబద్ధం రాయలేను. ఒక్క పూట ఆగి ఉంటే..."

సువార్తమ్మ భర్త పాదాల దగ్గరనుంచి తలెత్తింది. శుక్రవారం అతను ఎక్కడికి వెళ్ళిందీ, ఎవరితో ఏం చెప్పిందీ, ఒక్క మాట దాచకుండా చెప్పింది. జయచంద్ర గుమ్మంలో నిలబడి విన్నాడు. కేశవరావుగారు వింటూ వింటూ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"శుక్రవారం అని రాయండి" అంది సువార్తమ్మ.

ఆయన ఆమెను చూశారు. పడుకున్న మనిషిని చూశారు. నీళ్ళు లేని బాప్తిస్మం. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన ఎవరి దగ్గరా ఒప్పుకోని మాట అది.

"ఎక్కడ?" అన్నారు చివరికి, చాలా మెల్లగా.

"ఖిడ్కీ గ్రామంలో."

కలం కదిలింది. తేదీ రాశారు, ఊరు రాశారు. ఇచ్చినవారి పేరు అన్న గడిని గురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అది ఖాళీగానే ఉండిపోయింది. కాగితం జయచంద్రకిచ్చి, పెట్టెకు ఒక కొస తానే పట్టారు.

అందరూ బయటికి నడిచాక గది ఖాళీ అయింది. కేశవరావుగారు వస్తూ చంకన పెట్టుకొచ్చిన తువ్వాలు కుర్చీలోనే ఉండిపోయింది. నీళ్ళలోంచి లేచేవాళ్ళకు తుడుచుకోవడానికి కొన్న ఏడింటిలో అది ఏడోది. తెల్లటి నూలు తువ్వాలు, మడత విప్పనిది, మూలన మిల్లు కాగితం ఇంకా అంటుకునే ఉంది.