రోజూ ఐదు నిమిషాలు

మంగళవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు కారు స్టార్ట్ కాలేదు. నేను ఒక కారు బ్యాటరీని. కారణం నేనే.

నన్ను చేసింది నాలుగేళ్ల కిందట. నాలోని సీసం అంతకు ముందు ఎన్ని బ్యాటరీల్లో ఉండి వచ్చిందో నాకు తెలియదు. గుంటూరులో ఒక దుకాణం అరలో రెండు నెలలు ఉండి, జోగారావు గారి కారులోకి వచ్చాను. ఆయన ఇరిగేషన్ ఇంజినీరు, ఆరడుగుల మనిషి. డ్రైవరు సీటు తనకు ఎంత వెనక్కి ఉండాలో చూసుకుని, ఒకటో నంబరు బటన్‌లో దాచారు. ఆ బటన్ నొక్కితే సీటు దానంతటదే అక్కడికి జరుగుతుంది. రెండో నంబరు ఆయన భార్య హైమవతి గారిది. ఆమెకు డ్రైవింగ్ రాదు. నేర్పిస్తానని ఆయన ముందే పెట్టి ఉంచారు.

కిందటేడు ఆసుపత్రి నుంచి ఆయన ఫోన్ చేశారు. "బండి రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచు హైమా. లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది." వారానికి ఆయన చనిపోయారు.

ఆమె ఒక్కరోజూ మానలేదు. ఉదయం సెల్లార్‌లోకి దిగి, కారెక్కి, బ్రేకు తొక్కి స్టార్ట్ చేసేవారు. తర్వాత ఒకటో నంబరు నొక్కేవారు. సీటు ఆరు సెకన్లు వెనక్కి జరిగి ఆగేది. ఆమె కాళ్లు పెడళ్లకు అందేవి కావు. ఐదు నిమిషాలు అలాగే కూర్చునేవారు. దిగే ముందు రెండో నంబరు నొక్కేవారు. మర్నాడు మళ్లీ ఒకటి నొక్కాలి కదా.

మనుషులు నన్ను కాపాడే పద్ధతి ఇది. ఒక్కసారి స్టార్ట్ చేయడానికి నేనిచ్చింది ఐదు నిమిషాల్లో తిరిగి నిండదు. పద్నాలుగు నెలలు రోజుకింత తరిగాను.

పదింటికి మెకానిక్ మస్తాన్ స్కూటర్ మీద కొత్త బ్యాటరీ తెచ్చాడు. నాకు మీటరు పెట్టి చూశాడు.

"బండి ఎంత దూరం తిప్పుతారమ్మా?"

"తిప్పను. రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతాను."

"ఇంకేం! చేతులారా మీరే చంపారు దీన్ని. ఎవరమ్మా మీకు చెప్పిన మహానుభావుడు?"

"మా వారు. ఇప్పుడు లేరు."

మస్తాన్ తల దించుకుని స్పానర్ తీశాడు. "ఇది ఊడదీస్తే గడియారం, సీట్లు అన్నీ చెరిగిపోతాయి. మళ్లీ పెట్టిస్తాలెండి."

"ఒకటో నంబరు కూడానా?"

"అన్నీనూ. మీకెలా కావాలో చెప్పండి."

"నాకెలా కావాలో కాదు బాబూ. అది ఆయన పెట్టుకున్నది. నేనెప్పుడూ కొలవలేదు."

మస్తాన్ స్పానర్ కింద పెట్టాడు. తన స్కూటర్ బ్యాటరీ విప్పి తెచ్చి, కారుకు కరెంటు ఆగకుండా రెండు వైర్లతో కారు వైర్లకు తగిలించాడు. ఒక క్లిప్పు వదులుగా ఉంది. "ఇది జారితే మొత్తం పోతుంది. గట్టిగా పట్టుకోండమ్మా."

ఆమె రెండు చేతులతో పట్టుకున్నారు. నన్ను ఊడదీసి కొత్తదాన్ని బిగించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి ఆమె మోచెయ్యి బానెట్‌కు తగిలింది. క్లిప్పు దగ్గర చిన్న మెరుపు వచ్చింది.

"పోయిందా?"

"నొక్కితే గానీ తెలీదమ్మా."

"మీరు వెళ్లండి. తర్వాత నొక్కుతాను."

మస్తాన్ తన బ్యాటరీ స్కూటర్‌లో బిగించుకుని, నన్ను కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. కిక్ కొట్టలేదు. కారు తలుపు మూసుకుంది. తర్వాత సీటు మోటారు వినబడింది. ఆరు సెకన్లకు ఆగింది.

మస్తాన్ కిక్ కొట్టాడు.