అత్తయ్య అన్నం తిన్నారా?

మా అత్తయ్యకు చక్కెర జబ్బు వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో రెండు కొత్త మాటలు కాపురం పెట్టాయి. హైపో అంటే రక్తంలో చక్కెర పడిపోవడం, హైపర్ అంటే పెరిగిపోవడం. నర్సు చెప్పిన ఈ పాఠాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. వచ్చినవాళ్ళంతా చదివి నా చేతిరాతను మెచ్చుకునేవారు.

ఆ మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద కూర్చుని వణుకుతున్నారు. మెడ నిండా చెమట. చక్కెర కొలిచే మీటరు తీశాను. అందులో పెట్టే స్ట్రిప్పులు అయిపోయి వారమైంది. తెస్తానన్న మావారికి ఫోను చేశాను. ఆయన స్ట్రిప్పుల ఊసెత్తకుండా, హైపోనా హైపరా అని నన్నే అడిగి, చదువుకున్నదానివి కదా అన్నారు. నేను చదివింది అర్థశాస్త్రం. ఎక్కువైనా తక్కువైనా నష్టమేనని తప్ప అందులో ఇంకేమీ గుర్తులేదు.

చెమటా వణుకూ చూస్తే హైపోనే. కానీ ఇప్పుడు అడిగితే, మాత్ర వేసుకుని అన్నం తిన్నానన్నారు. కడిగిన కంచం బోర్లించి ఉంది. పైగా నిన్న బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టగా పట్టుకుని, ఆ సంగతి ఫోనులో మా ఆడపడుచు చెవిన వేశాను. పొద్దుటి నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. చక్కెర ఇచ్చి కొంప ముంచుతానా? ఇవ్వకుండా ముంచుతానా? వంటింటికీ మంచానికీ మధ్య నాలుగుసార్లు తిరిగాను. కాగితం మీద అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

చివరికి మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"అత్తయ్యా, మీ అమ్మాయికి చాడీలు చెప్పడం నాదే తప్పు. నిజం చెప్పండి, అన్నం తిన్నారా?"

ఆవిడ గోడవైపు తిరిగారు.

"కంచం కడిగానుగా."

"నేనడిగింది కంచం సంగతి కాదు."

"నువ్వు పిలిస్తే తిందామనుకున్నా."

నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాను. గ్లాసు ఆవిడ పళ్ళకు తగిలి టకటకలాడింది. గడియారం ముల్లు కదలడం లేదేమోనని లేచి దగ్గరికెళ్ళి చూసొచ్చాను. పావుగంటకు చెమట ఆరింది, వణుకు తగ్గింది. అన్నం కలిపి తెచ్చి ముద్ద పెట్టబోతే కంచం లాక్కున్నారు.

"నా చేతులు బాగానే ఉన్నాయిలే. ఇందాక తప్పన్నావే, ఆ మాట మా అమ్మాయికీ ఫోను చేసి చెప్పు."

చేశాను. నేను చెప్పినంతసేపూ ఆవిడ నెమ్మదిగా తింటూ విన్నారు.