పిడికిళ్ళ బియ్యం

ఎసట్లో బియ్యం పోసే ముందు కృపామణి ఒక పిడికెడు తీసి పక్కనున్న గుడ్డసంచిలో వేస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వడమాలపేటలో ఆ చర్చికి వెళ్ళే ఇళ్ళన్నింట్లోనూ అదే పద్ధతి. ఆదివారం నాడు సంచులు మోసుకెళ్ళి చర్చి లోపలున్న వెదురుగంపలో కుమ్మరిస్తారు. సన్నబియ్యం, రేషన్ బియ్యం, నూకలు, ఎవరింటికో చుట్టాలొస్తే వండిన బాసుమతి, అన్నీ ఆ గంపలో కలిసిపోతాయి. ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్య గ్రేసీ అమ్మగారు మెట్ల మీద కూర్చుని, ఆ బియ్యాన్ని ఇత్తడి పడితో కొలిచి అమ్ముతుంది. వచ్చిన డబ్బు చర్చి ఖర్చులకు పోతుంది.

అంగడి ధరలో సగానికే ఇస్తుంది. ఎందుకంటే ఆ బియ్యం వండుకు తిని మధ్యాహ్నం కునుకు తీస్తే కలలొస్తాయి. పిడికిలి మూసేటప్పుడు మనిషి మనసులో ఏముంటే అది గింజలకు అంటుకుంటుంది. ఎవరి గింజలు ఎవరి ముద్దలోకి వస్తాయో చెప్పలేం కానీ, వచ్చినవాళ్ళకు ఆ తలపు కళ్ళ ముందు కనిపిస్తుంది. రేషన్ బియ్యంలో రాళ్ళుంటాయని చెప్పుకున్నంత మామూలుగా ఊళ్ళో ఈ సంగతి చెప్పుకుంటారు. సొంత దిగుళ్ళే చాలనుకునేవాళ్ళు ఆ గంప జోలికి పోరు. ఇటుకబట్టీల్లో పనికొచ్చిన పరాయి ఊరివాళ్ళే ఎక్కువగా కొనుక్కుపోతారు. పాపం, ముక్కూ మొహం తెలియని అత్తగార్ల మీద కోపంతో నిద్ర లేస్తుంటారు. ఊరివాళ్ళకు మాత్రం ఒక కట్టుబాటుంది. గంపలో వేసినవాళ్ళు ఆ గంపలోంచి కొనకూడదు.

కృపామణి భర్త దయానంద్ మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో వ్యాను తోలతాడు. ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్ళు, కాయల కాలం తప్ప మిగతా నెలలకు సగం జీతమే ఇస్తామన్నారు. ఒక సాయంత్రం అతను పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఢిల్లీబాబు కువైటులో డ్రైవరు పని సూపిస్తానంటా ఉండాడు. ముందు కొంత కట్టాల. రెండేండ్లు ఉండాల."

ఢిల్లీబాబు పుత్తూరులో ఉంటాడు. మనుషుల్ని కువైటుకు పంపించడం అతని పని.

కృపామణికి వద్దు అనాలనిపించింది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ మొగుడు అంత తేలిగ్గా చెప్పాడంటే అతనికి పోవాలనే ఉందేమో, అడ్డం పడితే తర్వాత ఎప్పుడైనా నీవల్లే ఆగిపోయానంటాడేమో అనుకుంది.

"నీ ఇష్టం" అంది.

ఆ ఇంట్లో జరిగిన పొరపాట్లన్నింటికీ మొదలు ఆ రెండు మాటలే.

ఆ వారమే ఆమె ఇంటి ఖర్చు పట్టుకుంది. ఇల్లు సగం జీతంతో నడిచేట్టు చేసి చూపిస్తే, కువైటు మాట దానంతటదే వెనక్కి పోతుందని ఆమె లెక్క. చిన్నబ్బ అంగడి బిల్లూ, బయటినుంచి తెచ్చుకునే పొట్లాలూ కలిసి నెలకు తొమ్మిది వేలకు తక్కువ కావడం లేదు. పొద్దున హోటలు ఇడ్లీలు, సాయంత్రం కూతురు కోమలికి నూడుల్సు, ఆదివారం బిర్యానీ, మసాలాకొక పాకెట్టు, అల్లంతెల్లగడ్డకొక పాకెట్టు. కృపామణి ఒక్కొక్కటిగా అన్నింటినీ గడప దాటించింది. రాగిపిండి పట్టించి సంగటి కెలికింది. చెనిక్కాయలు వేయించి రోట్లో వేసి నూరింది. మసాలాలు ఇంట్లోనే దంచింది. తొమ్మిదో తరగతి చదివే కోమలి రెండు రోజులు మొహం ముడుచుకుని, మూడో రోజు ఆకలికి తట్టుకోలేక సంగటి రెండోసారి పెట్టించుకుంది. అత్తగారు చంద్రకాంతమ్మకు మాత్రం పండగే. ఇన్నాళ్ళకు నోటికి రుచి తెలిసిందని వీధంతా చెప్పి వచ్చింది.

అయినా బియ్యం ఖర్చు తగ్గలేదు. అందుకని ఒక ఆదివారం కృపామణి చర్చి మెట్ల దగ్గర ఇటుకబట్టీల వాళ్ళ వెనక నిలబడింది.

"నువ్వు కూడా వేసిన దానివే కదమ్మా" అంది గ్రేసీ అమ్మగారు, పడి పట్టుకుని.

"డబ్బిచ్చే కదమ్మగారూ కొనేది. వేసినప్పుడొకసారి, కొన్నప్పుడొకసారి, దేవునికి రెండుసార్లు చేరినట్టు."

గ్రేసీ అమ్మగారు దీనికి అడ్డుచెప్పే బైబిలు వాక్యం గుర్తుకు రాక, రెండు పడులు కొలిచి పోసింది. ఇంట్లో చంద్రకాంతమ్మ అంత సులభంగా వదల్లేదు. ఇచ్చినోళ్ళే కొనుక్కుంటే అది ఇచ్చినట్టెట్లా అవుతాదని సణిగింది. సణుగుతూనే అన్నం తిని, గోడవారన కొంగు పరుచుకుని పడుకుంది.

లేచాక కాసేపు చూరుకేసి చూస్తూ కూర్చుంది. "మన చర్చికొచ్చే పోలీసాయన పెండ్లాం ఉలవలు నానబెడతా ఉండాది మే. మొగుడి గురకకు నిద్ర లేదంట పాపం. ఉడకబెట్టిన నీళ్ళు పారబోయదు, చింతపండు పిండి చారు కాస్తాది. మనం పారబోస్తిమి కదా."

ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లోనూ ఉలవల నీళ్ళు పారబోయడం ఆగింది.

తర్వాత ఆదివారాలు అలాగే సాగాయి. పనిలేని మధ్యాహ్నాల్లో అత్తాకోడళ్ళు చెరో గోడకు ఒత్తిగిలి, ఊరి వంటిళ్ళలో తిరిగి వచ్చేవాళ్ళు. ఒకామె బీరపొట్టు నూనెలో మగ్గబెడుతూ, తన కొడుక్కు ఇంకా నత్తి పోలేదని దిగులుపడుతోంది. ఇంకొకామె మునగాకు దూస్తూ, నిన్న కొన్న చీర రంగు వెలిసిపోతుందేమోనని మథనపడుతోంది. బస్టాండు దగ్గర టైలరమ్మ పుట్టిల్లు పులికాట్ సరస్సు ఒడ్డున. ఆమె పిడికెడు తగిలిన రోజు కృపామణి కలంతా పడవలే. పడవల మధ్య ఎండబెట్టిన రొయ్యపొట్టు, దాని మీద వాలబోయే తెల్లపిట్టలు, వాటిని అదిలించే ఒక చిన్నపిల్ల. మెలకువొచ్చాక చూసుకుంటే కొంగు తడిగా ఉంది.

చంద్రకాంతమ్మ కొంగు వేళ్ళతో నలిపి చూసింది. "ఉప్పుగాలి. ఎండలో ఆరేసుకో, లేకపోతే చీలిపోతాది" అంది.

ఆ మరుసటి రోజు వాళ్ళు రొయ్యపొట్టు వేసి వంకాయ వండుకున్నారు. చేపలు కొంటే అయ్యేదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. కోమలి గిన్నె అడుగు వేలితో నాకింది. కృపామణికి చేతిలో పని ఉన్నంతసేపూ కువైటు గుర్తుకు రాలేదు.

దయానంద్‌కు మధ్యాహ్నం నిద్ర అలవాటు లేదు కాబట్టి కలలూ లేవు. పెట్టింది తిని, బాగుందని కానీ లేదని కానీ చెప్పకుండా వ్యాను దగ్గరికి పోయేవాడు. టీలో చక్కెర తగ్గిందని గమనించాడు. పెండ్లాం తన పళ్ళెంలో చేపముక్క వేసుకోవడం మానేసిందని కూడా గమనించాడు.

రెండు నెలలు గడిచాక కృపామణి మిగిలిన నోట్లన్నీ పళ్ళెంలో పేర్చి మొగుడి ముందు పెట్టింది.

"సూడు. ఇల్లు సగంలో నడిచింది. నాలుగున్నర వేలు కూడా దాటలా."

ఇంకెందుకు కువైటు అంటాడని ఎదురుచూసింది. దయానంద్ నోట్ల వైపు చాలాసేపు చూశాడు.

"బాగా కష్టపడినావు" అన్నాడు. మర్నాడు ఆ డబ్బు తీసుకెళ్ళి ఢిల్లీబాబు చేతిలో పెట్టి వచ్చాడు.

ఆ రోజు కృపామణి గిన్నెలు తోముతూ ఏడ్చింది. ఇంత తొందరా ఈ మనిషికి అనుకుంది. నోరు తెరిచి అది అత్తకు చెప్పడానికి కూడా మనసొప్పలేదు. పిడికెడు తీసేటప్పుడు మాత్రం ప్రతి పూటా మనసులో అదే మాట తిరిగింది, ఈ మనిషి పోకుంటే బాగుండని. ఆ గింజలు ఎవరికి చేరాయో, ఏ ఇటుకబట్టీ మనిషి ఎవరి మొగుడి కోసమో తెలియకుండా కళ్ళు తుడుచుకున్నాడో ఎవరికీ తెలియదు.

వీసా వచ్చింది. మంగళవారం మద్రాసు నుంచి విమానం. సోమవారం తెల్లవారుజామున ఢిల్లీబాబు బండి వచ్చి ఎక్కించుకుపోతుందన్నారు.

అదే వారంలో కృపామణికి జ్వరం తగిలింది. లేవలేకపోయింది. దయానంద్ సెలవు పెట్టి తనే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. అన్నం ఒక పూట మెత్తగా, ఒక పూట బిరుసుగా వచ్చింది. లోపలి గదిలో కోడలి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ చంద్రకాంతమ్మ కేకేసింది. "ఒరే, దేవుని పిడికెడు మర్సిపోవద్దురా."

"వేస్తా ఉండాలేమ్మా" అని అతను వంటింట్లోంచి పలికాడు.

ఆదివారానికి జ్వరం తగ్గింది. కాళ్ళు ఇంకా తేలిపోతున్నట్టే ఉన్నా కృపామణి సంచి పట్టుకుని చర్చికి వెళ్ళి గంపలో కుమ్మరించింది. అలవాటుగా రెండు పడులు కొనుక్కుని వచ్చింది. మొగుడు ఇంట్లో తినే చివరి మధ్యాహ్నమని ఆ బియ్యమే వండి, చింతకాయ పప్పు చేసి, ఉలవచారు కాచింది. తిన్నాక నీరసానికి ఆమె కళ్ళు మూతలు పడ్డాయి.

కలలో ఒక వంటిల్లు. తనదే. కానీ అన్నీ కిందికి దిగిపోయినట్టున్నాయి. ఎప్పుడూ మునివేళ్ళ మీద లేచి అందుకునే ఉప్పుడబ్బా గుండెలకు ఎదురుగా ఉంది. బియ్యం డబ్బాలోకి ఒక చెయ్యి వెళ్ళింది. పెద్ద చెయ్యి. ఎన్ని సబ్బులు రుద్దినా పోని ఇంజనాయిలు గోళ్ళ చుట్టూ నల్లగా గీసి ఉంది. ఆ చెయ్యి బియ్యంలో ఊరికే ఉండిపోయింది. ఎసరు మరిగి మూత ఎగిరిపడుతున్నా బయటికి రాలేదు.

చేతిలోంచి తలపు వినబడింది, తన సొంత తలపు వినబడినంత దగ్గరగా. చేప మానేసింది. చక్కెర మానేసింది. నన్ను పంపేదానికి రూపాయి రూపాయి కూడబెట్టింది. సంపాదించి తెస్తానని ఎంత ఆశ పెట్టుకోకపోతే ఇంత చేస్తుంది. ఇప్పుడు పోనని ఎట్లా చెప్పేది. ఆడ గదిలో ఎనిమిది మంది మగోళ్ళుంటారంట. పొద్దుగూకితే అన్నానికి రా అని పిలిచే గొంతు ఉండదు. వద్దని ఒక్క మాట అంటే చాలు, ఈడే పడుంటా. అనదు. పిడికిలి మెల్లగా మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి నాలుగు గింజలు జారి గచ్చు మీద పడ్డాయి.

కృపామణికి మెలకువ వచ్చింది. చెంపలు తడిగా ఉన్నాయి. ఆ తడి ఎవరిదో ఆమెకు తెలియలేదు, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

దయానంద్ వసారాలో అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. పెట్టెలో ఊరగాయలున్నాయి. ఆమె వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాకు నువ్వు పోయేది ఇష్టం లేదు" అంది.

అతని చేతులు తాడు మీదే ఆగాయి. "ఏమ్మే?"

"మొదట్నుంచీ లేదు. ఆ పొద్దు కాళ్ళు కడుక్కుంటా చెప్పినావే, అప్పట్నుంచీ."

"మరి ఆ సంగట్లూ, ఆ బీరపొట్లూ, ఆ దాసిందంతా?"

"నువ్వు పోకుండా ఉండేదానికి. సగం జీతంతో గడుస్తాదని నీకు సూపించేదానికి."

దయానంద్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కాసేపు పెట్టె వైపు, కాసేపు పెండ్లాం వైపు చూశాడు.

"నేను ఇంగో రకంగా అనుకొంటి" అన్నాడు.

"తెలుసు. ఇప్పుడే తింటి కదా నీ పిడికెడు."

అతను తల దించుకున్నాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడే కాబట్టి ఇంకేమీ అడగలేదు. వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగించుకుంటూ పోయింది.

"ఢిల్లీబాబు దుడ్డు ఎనక్కియ్యడు మే. రెండు నెల్లు కడుపు కట్టుకోని దాసినావు."

"ఇంగో రెండు నెల్లు దాస్తా. నాకేం కొత్తా?"

అతను తాడు కొస పట్టుకుని లాగాడు. ముడి ఇంకా బిగియలేదు, ఊరికే విడిపోయింది. ఊరగాయ జాడీలు ఒక్కొక్కటిగా బయటికి తీసి ఆమెకు అందించాడు. ఆమె వాటిని తీసుకెళ్ళి అలమరలో సర్దింది. ఇద్దరిలో ఎవరూ చంద్రకాంతమ్మకు ఏమీ చెప్పలేదు. ఆమె లేచి వచ్చి, ఖాళీ పెట్టెను చూసి, దాన్ని మడిచి పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తుందని పెరట్లో పెట్టుకుంది.

పొద్దుగూకింది. కృపామణి వాకిట్లోకి వచ్చి అన్నానికి రమ్మని పిలిచింది. కోమలి, దయానంద్ వరసగా కూర్చున్నారు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పప్పు పోస్తుండగా ఫోను మోగింది. ఢిల్లీబాబు. దయానంద్ చేతికి సంగటి అంటుకుని ఉంది, ఎత్తలేదు. కృపామణి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. చంద్రకాంతమ్మే ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

బండి ఎన్ని గంటలకు పంపాలని అవతల ఢిల్లీబాబు అడుగుతున్నట్టున్నాడు.

"బండీ వద్దు, గిండీ వద్దప్పా" అంది ఆమె. "మావోడు అన్నానికి కూసున్నాడు. లేసేదానికి రెండేండ్లు పడతాది."