భూమేశ్ ఎడమ చెయ్యి

నర్సయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి, హల్వా కలుపుతున్న బొమ్మ వేళ్ళు చూశాడు. ఎడమ చేతి చిటికెన వేలు తిన్నగా ఉంది. నడుం ఎత్తి పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. అది ఖర్జూరపు మట్టతో బుట్ట అల్లే ముసలాయన. ఆ వేలూ తిన్నగానే ఉంది.

ఇది మస్కట్‌లో మత్రా పేటలోని మ్యూజియం. తలుపు తీసినప్పుడే లోపలికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడవబోతే కావలివాడు వద్దని సైగ చేశాడు. తొమ్మిది బొమ్మలు చూసేసరికి గంట పట్టింది. దేని వేలూ వంకరగా లేదు.

నర్సయ్యకు యాభై ఏడేళ్ళు. ఒమాన్‌లోని సోహార్‌లో ఒకే కంపెనీలో ఇరవై ఆరేళ్ళుగా రాడ్ బెండింగ్ చేశాడు. ఇనుప సలాకలు వంచడం, తీగతో కట్టడం, మళ్ళీ వంచడం. వీసా క్యాన్సిల్ అయింది. రాత్రి తొమ్మిదికి హైదరాబాద్ విమానం. కంపెనీ వ్యాన్ పొద్దున అతన్ని ఇక్కడ దించి, రువీ పేటకు వేరే పని మీద వెళ్ళింది. నాలుగున్నరకు చేపల మార్కెట్ దగ్గర ఉండాలని, ఆలస్యమైతే ఆగనని డ్రైవర్ చెప్పాడు. సామాను వ్యాన్‌లోనే ఉంది.

పదహారేళ్ళ కిందట ఒక ఇంజనీరు క్యాంపుకు వచ్చాడు. మ్యూజియంలో పెట్టే బొమ్మలకు పని చేసిన చేతులు కావాలన్నాడు. ఐదుగురిని ఏరుకున్నాడు. అందులో నర్సయ్య ఉన్నాడు, అతని చెల్లెలి మొగుడు భూమేశ్ ఉన్నాడు. ఆ పూట డ్యూటీ లేదన్నారు కాబట్టి ఐదుగురూ ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. గులాబి రంగు పొడిని బకెట్ నీళ్ళలో కలిపి, చేతులు ముంచి, అది గట్టిపడేదాకా కదలొద్దన్నారు. భూమేశ్ రెండు చేతులూ ముంచాక అతనికి ముక్కు దురద పుట్టింది.

"బావా, జర ముక్కు గోకు" అన్నాడు.

నర్సయ్య గోకాడు.

"ఇంకింత మీదికి. నీ చెల్లె సుత నాకు గింత సేవ చెయ్యలే."

ఇంజనీరు కూడా నవ్వాడు. తర్వాత నర్సయ్య వంతు వచ్చింది. అచ్చులు మస్కట్ వెళ్ళాయని ఎవరో అన్నారు. ఏ మ్యూజియానికి అని ఎవరూ అడగలేదు.

ఆరేళ్ళ కిందట ఒక పొద్దున భూమేశ్ డ్యూటీకి లేవలేదు. లేపబోతే ఒళ్ళు చల్లగా ఉంది. అతనికి వీసా తెప్పించింది నర్సయ్యే. శవంతో వెళ్తానని అడిగితే, స్లాబ్ పని అయ్యాక చూద్దామన్నారు. స్లాబ్ అయ్యేసరికి ఊళ్ళో దినాలు అయిపోయాయి.

తిరిగి వచ్చేస్తున్నానని పోయిన వారం ఫోన్‌లో చెప్పినప్పుడు ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోటి తెమ్మన్నారు. చెల్లెలు దేవవ్వ చివర్న ఫోన్ తీసుకుంది.

"అన్నా, పెట్టెల మొఖం సూసిన. చేతులు సూడలే. బట్ట సుట్టి ఉండె, ఇప్పనియ్యలే. గా బొమ్మ ఏడనో ఉందంటివి గదా. ఒక్క ఫోటో తీస్కరా."

భూమేశ్ ఎడమ చిటికెన వేలు ఆమెకు తెలుసు. పనిలో షట్టరింగ్ పలక మీద పడి విరిగింది. ఎవరూ సరిగా కట్టు కట్టలేదు. అన్నం పళ్ళెం పట్టుకున్నప్పుడు అదొక్కటి దానికి తగలకుండా పైకి నిలబడేదని ఆమె అంటుండేది.

రెండో మ్యూజియంలో బొమ్మలే లేవు. బోర్డులు చదవలేక అన్ని గదులూ తిరిగాడు. నాణేలు, తుపాకులు, పడవల నమూనాలు. మెట్లు ఎక్కి దిగేసరికి కుడి మోకాలు పట్టేసింది. బయటికి వచ్చి గోడ నీడలో కూర్చుని నీళ్ళు తాగాడు. పాత మస్కట్‌లో ఇంకోటి ఉందని ఒక దుకాణదారు చెప్పాడు. బస్సు కోసం అరగంట చూసి, సముద్రం పక్క రోడ్డు మీద నడక మొదలుపెట్టాడు. ఎండ ఎదురుగా కొడుతోంది. రెండు చోట్ల రెయిలింగ్ పట్టుకుని ఆగాడు. ఇక తిరిగి మార్కెట్‌కు వెళ్ళి కూర్చుందామా, బొమ్మ దొరకలేదని చెబితే చెల్లెలు ఏమంటుందని ఆలోచించాడు. ఏమీ అనదు. అది తెలిసి మళ్ళీ నడిచాడు.

అక్కడికి చేరేసరికి రెండున్నర. లోపల బల్ల దగ్గర ఉమైమా అనే ఒమానీ అమ్మాయి ఉంది. ఏం చూడాలని హిందీలో అడిగింది. అతను తన ఎడమ చెయ్యి చాపి, చిటికెన వేలు వంచి చూపించాడు. దెబ్బ తగిలిందేమోనని ఆమె లేచింది. కాదని తల ఊపి, గోడ మీది బొమ్మల పోస్టర్ చూపించి, మళ్ళీ వేలు చూపించాడు. ఆమె శుభ్రం చేసే జావెద్‌ను పిలిచింది.

జావెద్ ఆ వేలు చూసి వెంటనే అన్నాడు. "వో టేఢీ ఉంగ్లీ? రోజ్ కప్డా అటక్తా హై ఉస్ మే." రోజూ తుడిచేటప్పుడు గుడ్డ తట్టుకునేది ఆ వంకర వేలికేనట.

నర్సయ్య అతని వెనక నడిచాడు. చివరి గదిలో తాడు అవతల ఒక జాలరి బొమ్మ కూర్చుని వల బాగుచేస్తోంది. తలపాగా, తెల్ల గడ్డం. మొఖం ఎవరిదో. ఎడమ చేతి చిటికెన వేలు పైకి వంగి ఉంది. దాని కణుపు మీది గాటు కూడా అచ్చులో పడింది. పైన రంగు వేశారు.

అతను తాడు దగ్గరే నిలబడ్డాడు. ముట్టుకోకూడదని, ఫోటో తీసుకోవచ్చని, ఫ్లాష్ వద్దని ఉమైమా చెప్పింది. మొదటి రెండు ఫోటోలు కదిలాయి. మూడోది దేవవ్వకు పంపించి బెంచీ మీద కూర్చున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు. పది నిమిషాల తర్వాత ఫోన్ మోగింది.

"ఆయనదే అన్నా" అంది దేవవ్వ. ఫోటో పెద్దగా చేసి చూస్తున్నానంది.

"తిన్నవా?" అని అడిగింది.

తినలేదు. తిన్నానన్నాడు.

"కుడి చెయ్యి నీది గదా" అంది.

"నాదేంది?"

"బొటనవేలు గోరు సూడు. నడిమిట్ల చీలి లేదా? చిన్నప్పటి సంది రాఖీ కడుతున్న, నాకు తెల్వదా."

నర్సయ్య లేచి తాడు దాకా వెళ్ళాడు. పొద్దుటి నుంచి అన్ని బొమ్మల ఎడమ చేతులే చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. బొమ్మది చూశాడు. గోరు చీలిక రెండింట్లో ఒకే చోట ఉంది.

"నాదే" అన్నాడు.

"మంచిగుంది" అంది దేవవ్వ. "ఇగ రా."

నాలుగున్నరకు మార్కెట్ దగ్గరికి చేరాడు. వ్యాన్ అప్పుడే కదులుతోంది. డ్రైవర్ ఆపాడు, తిట్టలేదు. ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ మనిషి పాస్‌పోర్ట్ మీద ముద్ర వేసి, తల ఎత్తకుండా అతని ముందుకు తోశాడు. తొమ్మిదికి విమానం లేచింది. కిటికీ సీటు వేరేవాళ్ళది. నర్సయ్య నిద్రపోయాడు.

మర్నాడు తెరిచే ముందు జావెద్ గుడ్డ తీసుకుని చివరి గదికి వచ్చాడు. జాలరి తలపాగా తుడిచి, భుజాలు తుడిచి, చేతుల దగ్గర నెమ్మదించాడు. కుడి చేతిలో వల అల్లే చెక్క సూది ఉంది. సూదిలోని తాడు ఎడమ చేతి చిటికెన వేలి చుట్టూ ఒకసారి తిరిగి, వలలోకి దిగి, ముడి పడని చోట ఆగి ఉంది.