మక్వాల భుజం

మక్వాల ఒంటిమీద చిన్న గీత పడినా ఊరుకోదు. కాలిన చోటల్లా చర్మం ఉబ్బి కాయ కడుతుంది. చెవి వెనక లేచిన కాయను కోయించుకుంటే అది రెండింతలై తిరిగొచ్చింది. అందుకే కుడి భుజం పట్టేసి, జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవకుండా పోయినప్పుడు లోపల కూడా అలాంటి కాయే లేచిందనుకుంది. కదిపితే పెరుగుతుందని భయపడి చేతిని శాలువాతో మెడకు కట్టేసుకుని కూచుంది.

ఆ ఊళ్లో రొట్టె కాల్చడమంటే నిలువు మట్టిపొయ్యిలోకి నడుందాకా వంగి, పిండిని లోపలి గోడకు చరచడం. పెళ్లయి వచ్చినప్పటినుంచీ ద్రాక్ష కోతలవాళ్లకు రొట్టె మక్వాలదే. ఈ ఏడు మాత్రం పక్కింటి దారో వచ్చి కాల్చింది. "నువ్వు కూచో తల్లీ, నేనున్నాగా" అంటూ ఆవిడ పొయ్యి చుట్టూ తిరుగుతుంటే మక్వాలకు కడుపు మండిపోయింది.

"ఇలాగే చూస్తూ కూచో, వచ్చే ఏడు పొయ్యి కూడా పెకలించుకుపోతుంది" అంది అత్తగారు పెపెల. "పద డాక్టరు దగ్గరికి."

"కోస్తారు అత్తమ్మా. కోస్తే ఇంకా లేస్తుంది."

"నేను కోయనిస్తే కదా! నీ పీడంతా నాకు రానీ, నడువు."

తెలావి పట్నంలో డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసింది, ఒంటిమీది కాయలూ చూసింది. షుగరున్నవాళ్లకు భుజం ఇలా పట్టేస్తుందని రక్తం తీయించి, అది లేదంది.

"కీలు చుట్టూ ఉండే పొర మందమై బిగుసుకుంది. మచ్చ కట్టినట్టే అనుకోండి. అయితే మీలాంటి చర్మం ఉన్నవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుందని ఎవరూ తేల్చలేదు. చెవి కాయ కోస్తే పెరిగింది. ఇది కట్టేస్తే బిగుస్తుంది. ముందు ఆ శాలువా తీసెయ్యండి."

"మరి వదులుతుందా?"

"చాలామందికి వదులుతుంది, నెమ్మదిగా. ముందుకు వంగి, చెయ్యి వేలాడేసి ఊపుతుండండి."

"ఎక్కడ వంగను?"

"ఇన్నేళ్లూ ఎక్కడ వంగావే పిచ్చిదానా!" అంది పెపెల.

ఆ చలికాలమంతా మక్వాల ఆరిపోయిన పొయ్యి అంచుమీద ఎడమచెయ్యి ఆనించి, కుడిచేతిని లోపలికి వేలాడేసి ఊపింది. మొదట్లో కళ్ల నీళ్లు తిరిగేవి. పెపెల పక్కనే పీట వేసుకుని, "చర్చి గంట ఇలాగేనా కొట్టేది? ఇంకాస్త ఊపు" అని వెక్కిరించేది. మంచు కరిగేసరికి వేళ్లు గోడకు తగిలాయి. ద్రాక్ష పిందె కట్టేసరికి అరచెయ్యి మొత్తం ఆనింది.

మళ్లీ కోతలొచ్చాయి. దారో చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వచ్చింది. పొయ్యిలో నిప్పులు కణకణలాడుతున్నాయి. మక్వాల ఆమె వైపు చూడకుండా పిండిని సాగదీసి, ఊపిరి బిగబట్టి, ఆ వేడిలోకి నడుందాకా వంగి చరిచింది. భుజం కలుక్కుమంది. చెయ్యి మాత్రం ఆగలేదు. రొట్టె ఎక్కడ జారి నిప్పుల్లో పడుతుందోనని పెపెల మెడ చాచింది.

రొట్టె గోడను పట్టుకుంది. రెండోదీ పట్టుకుంది.

"ఖాళీగా నిలబడ్డావేం దారో? ఆ జున్ను కోసి పెట్టు" అంది మక్వాల పొయ్యిలోంచే.

దారో కత్తి అందుకుంది. పెపెల లేచి, తోట ఆ చివరిదాకా వినబడేలా కేకేసింది.

"గంపలు దించి రండర్రా! మా కోడలు రొట్టె కాలుస్తోంది!"