నమ్మదగిన ఒకరు

రొట్టెల పిండి సగం కలిపానో లేదో, పుస్తకాల గదిలోంచి మా ఆయన జాహిర్ కేక. "ఏమే! నీటి వాటాల గురించి ప్రవక్త మాట, మీ నాన్న నీకు చెప్పింది, ఎవరి నోట ఎవరు విన్నారు?" పిండిచేతులతోనే గడపలో నిలబడి, ప్రవక్త దగ్గర్నుంచి నాన్న దాకా ఏడుగురి పేర్లూ అప్పజెప్పాను. ఆయన రాసుకున్నాడు. రొట్టెలు ఆలస్యమయ్యాయని అత్తగారు తిట్టింది మాత్రం నన్ను.

నిషాపూరులో మా ఆయనకు పెద్ద పేరు. ధర్మం ఎక్కడెక్కడి నుంచి పుడుతుందో పుస్తకం రాస్తున్నాడు. ఖురాను, ప్రవక్త మాట, పండితుల ఏకాభిప్రాయం, తెలిసిన తీర్పుతో కొత్తదానికి పోలిక. శుద్ధప్రతి రాసేది నేనే. ప్రవక్త మాట చేరవేయడంలో ఆడది మగాడితో సమానమేనని అందులో ఎంత చక్కగా వాదించాడో! ఆ కిందే, నా దగ్గర విన్నదానికి, "నమ్మదగిన ఒకరు నాకు చెప్పారు" అని పెట్టాడు. ఒకసారి అడిగాను. "పదిమంది మగాళ్ళలో పెళ్ళాం పేరెత్తమంటావా? సిగ్గులేదూ?" అన్నాడు. మళ్ళీ అడగలేదు. పన్నెండేళ్ళ కాపురం, ఓపిక అయిపోయింది.

నిన్న మసీదులో వాదానికి దిగితే ఎదుటి పండితుడు పట్టుకున్నాడట. "ఆ ఒకరెవరయ్యా? పేరు తెలియనివాడి మాట చెల్లదని రాసింది నువ్వే కదా!" అందరూ నవ్వారట. ఆయన మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు.

"మీ నాన్న నాకే చెప్పాడని రాసెయ్. శుక్రవారం చదివి వినిపించాలి."

"మీరు ఈ ఊరొచ్చేసరికే నాన్న పోయి రెండేళ్ళు."

"అది ఎవడికి గుర్తుంది?"

"మొగుడి పరువు కంటే ఎక్కువేమిటే నీ పట్టుదల?" అంది అత్తగారు, పప్పు ఏరుతూ.

ఎనిమిదేళ్ళప్పుడు నాన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఈ వరసలో ఒక్క పేరు దాచినా అబద్ధమేనమ్మా" అన్నారు. కోపం కూడా రాలేదు నాకు. నాన్న మీద బెంగ వచ్చింది.

చేతులు కడుక్కుని రాశాను. 'షేక్ బిష్ర్ కూతురు హుర్రా తన తండ్రి దగ్గర విని నాకు చెప్పింది.' కాగితం ఆయన ముందు పెట్టాను. వేరే ప్రతి రాయనన్నాను. చదువుతాడో చింపుతాడో ఆయనిష్టం.

ఈవేళ పొద్దున మళ్ళీ కేక. "ఏమే! అద్దె ఒంటెల మాట ఎవరి నోట ఎవరు విన్నారు?"

పిండిలోంచి చెయ్యి తియ్యలేదు.

"నమ్మదగిన ఒకర్ని అడగండి" అన్నాను.