మంచు లేని రోజు మంచుకూత

గుడ్రున్‌కు ఆ చిన్న మనుషులు మొదటిసారి ఏప్రిల్ నెలలో కనిపించారు. బురుజు మీది గదిలో కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతోంది. కింద ఇళ్ల కప్పుల మీద, ఎర్రటి పొడుగు అంగీలు తొడుక్కున్న మనుషులు, జానెడేసి ఎత్తున, చంకల్లో సన్నాయిలు పెట్టుకుని ఒక పొగగొట్టం దగ్గర్నుంచి ఇంకో పొగగొట్టం దాకా వరసగా నడిచిపోతున్నారు. వాళ్ల కాళ్ల కింద ఒక్క పెంకు కూడా కదల్లేదు. అందరూ నింపాదిగా, పెళ్లికి బయల్దేరినట్టు ఉన్నారు.

కాఫీ చల్లారిపోయింది. పిచ్చెక్కిందనే అనుకుందామె.

పక్క ఊళ్లో కంటి డాక్టరు చాలాసేపు దీపం వేసి చూశాడు. "మీకు పిచ్చేం కాదమ్మా," అన్నాడు. "చూపు మధ్యలో పోతోంది, అంచులు మిగులుతున్నాయి. ఖాళీ అయిన చోట మెదడు ఊరుకోదు, తన బొమ్మలు తను వేసుకుంటుంది. కొందరికి పూలు, కొందరికి మనుషులు. ఒకటి గుర్తు పెట్టుకోండి, ఆ బొమ్మలకి చప్పుడుండదు." మందు చీటీ రాయబోతూ అడిగాడు, "మీరేం చేస్తుంటారు?"

"కాపలా కాస్తానండీ. హోల్డర్‌బాఖ్‌లో, చర్చి బురుజు మీద."

డాక్టరు కలం ఆగిపోయింది. నవ్వాలో వద్దో తెలియని మొహం పెట్టాడు. ఆ మొహం కూడా ఆమెకు సగమే కనిపించింది.

హోల్డర్‌బాఖ్ బురుజు అరవై ఏళ్లు మూగగా పడి ఉంది. పాతకాలంలో ఊరికి జీతమిచ్చి పెట్టుకున్న సన్నాయి మేళం ఉండేది. పెళ్లిళ్లకు వాళ్లే, పండగలకు వాళ్లే, రాత్రిపూట బురుజెక్కి నిప్పునీ శత్రువునీ కనిపెట్టేదీ వాళ్లే. తరవాత ఫోన్లొచ్చాయి, ఫైరింజన్లొచ్చాయి, మేళం ఇంటికెళ్లిపోయింది. పన్నెండేళ్ల కిందట మందుల షాపు థెక్లా, బడిలో బాకా నేర్పే గుడ్రున్ కలిసి దాన్ని మళ్లీ లేపారు. బురుజు మీంచి ఊదే కూతలు ఎక్కడా రాసి లేవు. కానీ ఊళ్లో ఆడపిల్లలు తాడాటలో పాడుకునే పాటల్లో ఆ స్వరాలు అలాగే ఉండిపోయాయి. ఇద్దరూ వీధి అరుగుల మీద కూర్చుని, పిల్లలు ఎగురుతుంటే విని విని పట్టుకున్నారు. థెక్లా కింద సంత జరిగే చౌకులో సన్నాయి వాయిస్తుంది, గుడ్రున్ పైన బాకా ఊదుతుంది. దీపాలు పెట్టే వేళ మొదలుపెట్టి గంటగంటకూ నాలుగు దిక్కులకూ క్షేమకూత. బురుజు మీద ఆధారపడినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. అయినా కూత కాస్త ఆలస్యమైతే చాలు, ఏమైందంటూ టౌన్ హాలుకు ఫోన్లు మోగుతాయి. ఆ ఊరి తీరే అంత, అక్కర్లేదంటూనే అరువడుగుతుంది.

బురుజెక్కేవాళ్లు మెడలో వెండి గొలుసు వేసుకుని ఒక ప్రమాణం చేస్తారు. చూసింది చూసినట్టు చెబుతాను, కనబడకపోతే కనబడలేదని చెబుతాను. ఆ రెండో మాట కోసమే మంచుకూత ఉంది. నవంబరులో ఏటి మీంచి మంచు లేచి బురుజును మింగేసినప్పుడు గుడ్రున్ దాన్ని ఊదుతుంది. నాకు కనబడ్డం లేదు, మీరు చూసుకోండి అని దాని అర్థం. అప్పుడు ఇంటింటా కిటికీలో దీపం పెడతారు, ఒక వీధి తరవాత ఒక వీధి "మేం చూస్తున్నాం" అని కేక వేస్తుంది. పిల్లలకు క్రిస్మస్ తరవాత ఇష్టమైన రాత్రి అదే. చూడకుండా క్షేమమని ఊదినవాడు మాత్రం గొలుసు తీసి దిగిపోవాలి. పూర్వం అయితే బాకాను తలకిందులుగా పట్టించి సంతంతా తిప్పేవారట. ఇప్పుడా శిక్షల్లేవు గానీ, ఊరి నోటికి మూకుడు ఎవరు మూస్తారు?

గుడ్రున్ ఎవరికీ చెప్పలేదు. ఆమెకు ఆ గది తప్ప ఇంకేం లేదు. ఉన్నవి కూడా ఆ గదిలోకే తెచ్చుకుంది. అది పోతే తను ఎవరో తనకే తెలియదేమోనని భయం, నిజమైన భయం. ఊరు ఆమెకు కంఠతా వచ్చు. ఏ కప్పు పక్కన ఏ కప్పుందో, ఏ పొగగొట్టం ఎప్పుడు పొగ వదులుతుందో తెలుసు. కళ్లతో పనేముంది అనుకుంది. వేసవి అలా గడిచింది. ఎర్ర అంగీలవాళ్లు రోజూ సాయంత్రం వచ్చేవాళ్లు. ఆమె ఊదితే నడక ఆపి తలలెత్తేవాళ్లు. ఒక్కోసారి సన్నాయిలు పెదాలకు ఆనించుకునేవాళ్లు, చెంపలు ఉబ్బేవి, గాలిలో ఏమీ వినబడేది కాదు. పొద్దు వాలుతుంటే వాళ్ల నీడలు పెంకుల మీద తేనెలా పారేవి. రానురాను వాళ్లు రాని రోజు ఆమెకు బెంగగా ఉండేది.

సెప్టెంబరు చివర ఒక సాయంత్రం మిల్లు వీధి వైపు బూడిదరంగు దారం ఒకటి లేచింది. చూస్తుండగానే వెడల్పయింది, శాలువాలా విప్పుకుంది. ఎర్ర అంగీ మనిషి ఒకడు దాని మధ్యలోంచి తాపీగా నడిచొచ్చాడు. గుడ్రున్ చెవి ఒగ్గి విన్నది. గాలి అవతలి వైపుకు వీస్తోంది, చప్పుడేమీ లేదు. ఓహో, ఇవాళ పొగ కూడా వేస్తున్నావన్నమాట అని తన మెదడును తనే మెచ్చుకుంది. లేచి నాలుగు దిక్కులకూ క్షేమకూత ఊదింది. ఆ రోజు ఎందుకో బాకా బాగా పలికింది కూడా.

మిల్లు వీధిలో అప్పుడు తగలబడుతున్నది రొట్టెల ఆల్విన్ కట్టెల షెడ్డు. ఫైరింజన్ వచ్చి ఆర్పింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఎండబెట్టుకున్న కట్టెలూ, వాళ్ల నాన్న చేతి రొట్టె తెడ్లూ బూడిదైపోయాయి.

మర్నాడు సాయంత్రం బురుజు కింద గంట కదిలింది. రోజూ ఆ వేళకు ఆల్విన్ తాడు చివరి బుట్టలో రొట్టె పెట్టి గంట లాగుతాడు, గుడ్రున్ పైకి చేదుకుంటుంది. ఆ రోజు బుట్టలో రొట్టె పక్కన, సగం కాలిన తెడ్డు పిడి ఒకటి ఉంది. గోడలోని రేకు గొట్టంలోంచి ఆల్విన్ గొంతు వచ్చింది. పైకీ కిందకీ మాట్లాడుకోవడానికి ఆ గొట్టమే దారి.

"అందిందా?"

"అందింది. ఇదేంటి ఆల్విన్?"

"మా నాన్న తెడ్డు. మిగిలిందదే. నిన్న నువ్వు అంత కమ్మగా క్షేమం క్షేమం అని ఊదుతుంటే బకెట్టు పట్టుకుని నుంచుని విన్నాను. ఏం ఊదిందిరా అనుకున్నాను."

"ఎండ కళ్లలో పడింది."

"మిల్లు వీధి తూరుపున ఉంది కదే. ఆ టైంలో ఎండ నీ వీపు మీదుంటది. నువ్వూ నేనూ ఒక్క బల్ల మీదే చదివాం, సూర్యుడు ఎటు మునుగుతాడో నాకూ చెప్పారు."

గుడ్రున్ కాలిన పిడిని చేతుల్లోకి తీసుకుంది.

"సర్లే, తిను. రొట్టె మాడలేదు. మాడాల్సినవన్నీ నిన్ననే మాడాయి." అతని అడుగులు దూరమయ్యాయి.

ఆ అబద్ధం ఆమెను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. చూడకుండా ఊదడం ఒక తప్పు, దాని మీద ఎండను సాక్ష్యానికి పిలవడం ఇంకో తప్పు. మరుసటి మధ్యాహ్నం థెక్లా ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. సోమవారం కౌన్సిల్లో అడుగుతారని, తను సర్ది చెబుతానని అంది. గుడ్రున్ అప్పుడు ఆమెకు అంతా చెప్పేసింది, ఎర్ర అంగీలతో సహా.

థెక్లా చాలాసేపు కిటికీ బయటికి చూసింది, తనకూ కనబడతారేమోనన్నట్టు. "ఎవరికీ చెప్పకు," అంది చివరికి. "నిప్పు చూడ్డానికి ఫైరింజన్ వాళ్ల మిషన్లున్నాయి. ఊరికి కావాల్సింది నీ పాటే తల్లీ. నువ్వు ఊదితే చాలు."

"పాటే కావాలంటే రేడియో ఉందిగా."

"మొండిదానా. నిన్ను దింపేస్తే ఈ బురుజు మళ్లీ మూగదే. పన్నెండేళ్ల కష్టం. నాకేడుపొస్తోంది."

"నాకూ వస్తోంది," అంది గుడ్రున్. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

శనివారం సంత రోజు. సాయంకాలానికి ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. మచ్చుకైనా మబ్బు లేదు, ఏటి మీద పలచటి ఆవిరి కూడా లేదు. గుడ్రున్ గొలుసు తీసి బల్ల మీద, కాలిన పిడి పక్కన పెట్టింది. ఇళ్ల కప్పుల నిండా ఎర్ర అంగీలే, ఇంతమంది ఎప్పుడూ రాలేదు. వాళ్లకు తల ఊపి బాకా ఎత్తింది. క్షేమకూత ఊదడానికి పెదాలు వాటంతటవే అమరాయి, అది వాటికి అలవాటు. ఆమె వాటిని సడలించి, కిందిస్థాయిలో ఒకటే పొడుగు ఊపిరిగా జారిపోయే మంచుకూతను ఊదింది. తూర్పుకు, దక్షిణానికి, పడమరకు, ఉత్తరానికి.

కింద సంతలో గోల ఆగిపోయింది. ఉల్లిపాయల బండి దగ్గర అరుస్తున్నవాడు మాట మధ్యలో మింగేశాడు. ఎవరో నవ్వారు, తరవాత ఆ నవ్వు కూడా ఆగింది. ఆమె కిటికీ చట్రం పట్టుకుని నిలబడింది. అయిపోయింది అనుకుంది. గుండె మీంచి బండ దిగినట్టూ ఉంది, అదే బండ కాళ్ల మీద పడినట్టూ ఉంది.

చాలాసేపటికి మిల్లు వీధిలో పసుపుపచ్చ చుక్క ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. చెప్పులు కుట్టేవాళ్ల సందులో నాలుగు, ఏటి ఒడ్డున ఒక వరస. ఊరంతా మెల్లగా మినుకుమంటూ నిండింది. ఎర్ర అంగీలవాళ్లు ఆ వెలుగుల మధ్య మోకాళ్ల లోతు నీళ్లలో నడిచినట్టు నడుస్తున్నారు. గుడ్రున్ చెవి ఒగ్గింది. ఒక్క కేక లేదు, ఒక్క గొంతు లేదు. చప్పుడుండదని డాక్టరు చెప్పాడు. ఇవి కూడా నా బొమ్మలేనా అనుకుంది. తనకు ఓదార్పు కావాలని తన మెదడే ఊరంతటికీ దీపాలు పెట్టిందనుకుంటే, అంతవరకూ రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి.

గంట కదిలింది.

"మంచెక్కడుందే?" గొట్టంలో ఆల్విన్ రొప్పుతున్నాడు.

"నా కళ్లల్లో ఉంది. ఏప్రిల్ నుంచి."

"మరి మొన్నటి పొగ?"

"కనబడింది. నిజమనుకోలేదు. లేనివి కూడా కనబడుతున్నాయి నాకు. ఎండ అని నీకు అబద్ధం చెప్పాను."

"ముందే చెప్పి చావొచ్చుగా. ఊరికే తెడ్డు పంపాను."

"ఆల్విన్, ఎవరైనా దీపాలు పెట్టారా?"

"అదేం ప్రశ్న, నీకు కనబ…" ఆగిపోయాడు. ఈసారి గొంతు తగ్గింది. "పెట్టారు. మా వీధి మొత్తం పెట్టింది. థెక్లా షాపు మీదా ఉంది. కరెంటు బిల్లుకి ఏడ్చే మా ఎదురింటాయన కూడా పెట్టాడు."

"మరి ఒక్కళ్లూ అరవరేం?"

"ఎట్లా అరుస్తారు? మంచుంటే అరవడం తెలుసు. ఇంత తేటగా ఉంటే ఎవడు మొదలెడతాడు, సిగ్గేస్తుంది."

"నువ్వు మొదలెట్టు."

"షెడ్డు తగలబడినవాడే మొదలెట్టాలా?"

"అవును, నువ్వే."

ఆల్విన్ గొణిగాడు, దగ్గాడు, గొంతు సవరించుకున్నాడు. మరుక్షణం ఒకే గొంతు గొట్టంలోంచీ కిటికీలోంచీ రెండు వైపులా ఆమెను తాకింది. "మిల్లు వీధి చూస్తోంది. అంతా క్షేమం. షెడ్డు లేదు, ఇక తగలబడేదేం లేదు."

కింద జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు ఆరకముందే థెక్లా సన్నాయి లేచింది, ఒక్క స్వరం, కాస్త ఏడుపు కలిసిన స్వరం. తరవాత చెప్పుల సందు అరిచింది, ఏటి ఒడ్డు అరిచింది, ఎవరో గిన్నె మూతలు కొట్టారు. మేం చూస్తున్నాం, మేం చూస్తున్నాం అంటూ కేక వీధి వీధీ తిరిగి బురుజు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఇంత చప్పుడు ఏ మెదడూ కల్పించలేదు. ఎర్ర అంగీలవాళ్లు సన్నాయిలు పెదాలకు ఆనించి, చెంపలు ఉబ్బించి, ఎప్పట్లాగే నిశ్శబ్దంగా వాయిస్తున్నారు.

సోమవారం కౌన్సిల్ ఏమంటుందో ఆమెకు తెలియదు. గొలుసు బల్ల మీదే ఉంది. గుడ్రున్ మొహం తుడుచుకుని, బాకా ఎత్తి, ఊరు చెప్పిన మాటను ఆ ఊరికే తిరిగి చెప్పింది. నాలుగు దిక్కులకూ క్షేమకూత. ముక్కు దిబ్బడ వేసి ఉండటంతో రెండుచోట్ల స్వరం చీలింది కూడా.

ఆఖరి దిక్కు అయ్యాక గొట్టంలో ఆల్విన్ అన్నాడు, "మొన్నంత కమ్మగా లేదే."

"లేదు," అంది గుడ్రున్.

"మొన్న నేను నమ్మలేదులే. ఇవాళ నమ్మాను. బుట్ట లాగు, రొట్టె చల్లారిపోతోంది."